ఒక గైడు జవాబుకు టీకా తాత్పర్యం

మూలము: ‘ఈ పద్యము అయాంబిక్ టెట్రామీటరులో ఉన్నది. ప్రాస ఏబీఏబీసీసీ. భావము ఆనందము. 5 మార్కులు.’

టీక: ఈ = పరీక్షల ముందు పాత మెదక్ జిల్లా మనూర్ పిల్లలు వల్లెవేయు; పద్యము = 1807లో వర్డ్స్‌వర్త్ అచ్చువేయించిన డాఫొడిల్స్ గీతము; ఉన్నది = సుగమము.

అయాంబిక్ టెట్రామీటరు = లఘువు, దాని వెంట గురువు, ఇట్టి జంటలు నాలుగు. ఔరా, ఇది మన ప్రమాణిక! జగణ రగణములపై లగము, పాదమున కెనిమిదక్షరములు. దీనిని రెట్టించినచో పంచచామరము. శివతాండవ స్తోత్రపు నడక అదియే. శివరాత్రి జాగారంలో తొడ మీద తాళం వేసిన పిల్లవాడికి వర్డ్స్‌వర్త్ సగం వచ్చినట్టే. ఆ మాట వాడికి చెప్పినవారు లేరు. భేద మొక్కటి. మనకు గురువు కాలముచే గురువు: దీర్ఘమో, సున్న గలదో, సంయుక్తమునకు ముందున్నదో కావలెను. ఆంగ్లేయులకు ఊనికయే గురువు. పైగా ఈ కవి కొన్ని పాదములను తలకిందుగా గురువుతోనే ఎత్తుకొనును. పూలు ఊగెడి చోట పాదము కూడ ఊగవలెనని కాబోలు. గణభంగమని మన లాక్షణికులు మండిపడెదరు. గైడు మండిపడలేదు, చూడనే లేదు.

ఏబీఏబీసీసీ = బీజాక్షరములని కొందఱు. కాదు, అంత్యప్రాస. రెండవ అక్షరమున ప్రాస వెదకు అలవాటు గల మనకు ఆ చోట నేమియు దొరకదు.

ఆనందము = ఇచట గైడు అలంకారశాస్త్రమునే తోసివేసినది. హర్షము ముప్పదిమూడు సంచారులలో నొకటి, స్థాయి కాదు. అదియు పూలు చూచిన నాటిది మాత్రమే కాదు, పిమ్మట పడకకుర్చీలో ఒరిగినపుడు స్మృతి మరల తెచ్చినది. పద్యములోని ఒంటరితనము కవికల్పన: 1802 ఏప్రిల్ 15న ఉల్స్‌వాటర్ ఒడ్డున చెల్లెలు డొరొతీ వెంటనే ఉంది, ఆ పూల సంగతి డైరీలో ముందు రాసిందీ ఆమే. స్మృతిని చెప్పే రెండు మేలైన పాదాలు భార్య మేరీవి. గైడులో ఇద్దరూ లేరు.

5 మార్కులు = గణము పేరుకు. గణం చెవిన పడిందా అని ఎవరడిగారు? ఇంట్లో కన్నడమో మరాఠీయో, బడిలో తెలుగు, సంతలో ఉర్దూ విని పెరిగిన చెవులండీ ఇవి! పద్యాన్ని ఒక్కసారి గట్టిగా చదివితే గైడు కంటే ముందు అవే పట్టేస్తాయి. చదివే తీరికే లేదు, సిలబస్ అవ్వాలి.

టీకలకు పేరుమోసిన మల్లినాథసూరి ఊరు కొలిచెలమ ఈ పాత మెదక్ జిల్లాలోనిదే. మూలములో లేనిది వ్రాయను, అక్కరలేనిది చెప్పను అని ఆయన ప్రతిన. గైడుకర్త రెండవ సగమే విన్నట్టున్నాడు. పద్యమే అక్కరలేదనుకొన్నాడు.