ఏమీ దొరక్కూడదు స్వామీ!

ఇంగ్లండులో బిల్డరు కష్టం పగవాడికి కూడా వద్దు. 1990 నుంచి అక్కడి పద్ధతి ఏమిటంటే, పాతకాలపు ఆనవాళ్లుంటాయన్న అనుమానమున్న పొలంలో ఇళ్లు కట్టాలంటే ముందు పరీక్ష కందకాలు తవ్వించాలి. ఖర్చు ఆయనదే. ఏమీ దొరక్కూడదని మొక్కుకుంటూ, ఏదో ఒకటి దొరకాలని మొక్కుకునేవాళ్లకు కూలి చెల్లించాలన్నమాట!

యంత్రానికి పళ్లు లేని బకెట్టు తగిలించి పైమట్టిని పొరలు పొరలుగా గీకుతారు. అదీ స్థలమంతా కాదు, మచ్చుకు కొంత. అడుగున గుండ్రటి నల్లమచ్చ కనిపించిందా, అయిపోయింది. బిల్డరు కంటికది మట్టి మరక, తవ్వేవాళ్లకు ఎప్పటిదో గుడిసె గుంజ పాతిన గుంట.

2022లో నార్తాంప్టన్‌షైర్‌లోని హార్పోల్ దగ్గర ఇళ్ల స్థలంలో తవ్వకాలు ముగింపుకొచ్చాక, ఏడో శతాబ్దపు స్త్రీ సమాధిలో హారం బయటపడింది. బంగారం, గార్నెట్లు, రోమన్ నాణేలు: పతకాలూ పూసలూ కలిపి 30 దాకా.

మన చట్టం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు వద్దంటుంది, ఆపైన 200 మీటర్లకు అనుమతి తెమ్మంటుంది. జాబితాకెక్కని నేల సంగతి వెంచరు వాళ్ల దయ. తూర్పు ముఖమా, బోరు పడుతుందా అని గుచ్చిగుచ్చి అడిగే కొనుగోలుదారు, కింద ఎవరున్నారని మాత్రం అడగడు. అడిగితే ధర పెంచుతారని భయం కాబోలు.