ఈల సారు

మా కాలేజీలో గంట కొట్టడానికి అటెండరు, పాఠం చెప్పడానికి లెక్చరర్లు, సంతకం పెట్టడానికి ప్రిన్సిపాలుగారు ఉండేవారు. కాలేజీ కదిలేది మాత్రం పీడీ సారు ఈలతోనే. ఫీజుల క్యూ వంకర పోతే ఈల. ఎన్నికల రోజున రెండు పార్టీలవాళ్ళూ కాలర్లు పట్టుకుంటే ఈల. జనవరి 26న జెండా ముడి విడక పూలు రాలకపోతే, పైకి చూసి దానికీ ఒక ఈల. ఆ ఈల అరుదుగా వినపడే చోటు ఒక్కటే, ఆటస్థలం.

ఆయన అసలు హోదా ఫిజికల్ డైరెక్టరు. అంత పొడుగు మాట పలికే తీరిక ఎవరికుంది? పీడీ అంటే పీడీ. నీలంరంగు ట్రాక్ సూటు, దాని వీపు మీద యూనివర్సిటీ పేరు. ఉతికి ఉతికి అందులో నాలుగక్షరాలు రాలిపోగా మిగిలినవాటిని కలిపి చదివితే ఏదో అరవ ఊరి పేరులా ఉండేది. ఆ సూటు కుట్టించుకున్ననాటి మనిషి సన్నగా ఉండి ఉండాలి. మేం చేరేసరికి, మెడలోంచి వేలాడాల్సిన ఈల పొట్ట మీద వెల్లకిలా పడుకుని విశ్రాంతి తీసుకుంటూ ఉండేది.

మమ్మల్ని పేర్లు పెట్టి పిలవడం ఆయనకు అలవాటు లేదు. అటెండెన్సు రిజిస్టరులో పేర్లుంటాయిగానీ ఆటలో స్థానాలే ఉంటాయని ఆయన సిద్ధాంతం. "ఒరేయ్ లెఫ్ట్ కార్నరూ, ఇలా రా." "ఆ వికెట్ కీపరుగాడు ఫీజు కట్టాడా?" అలా ఉండేది వరస. నేను కబడ్డీ జట్టులో పన్నెండోవాణ్ణి. ఆడేది ఏడుగురు, బయట కూర్చునేది అయిదుగురు, ఆ అయిదుగురిలో ఆఖరివాణ్ణి. అందుచేత మూడేళ్ళూ నా పేరు "ఎగస్ట్రా". తర్వాత ఎప్పుడో నా పెళ్ళికి వచ్చి, అక్షింతలు వేసి, మా మామగారి చేతులు పట్టుకుని, "మీ అల్లుడు మా ఎగస్ట్రా అండీ" అన్నారు ఎంతో ఆప్యాయంగా. ఆ మాటకు అర్థం ఏమిటని మా మామగారు ఈరోజుకీ నన్ను అడగలేదు. అడక్కపోవడమే నాకు బెంగ.

సారు సామ్రాజ్యం గేమ్స్ రూము. ముక్కు విరిగిన జావెలిన్లు, సున్నం బస్తా, ఎలుకలు కొరికిన వాలీబాల్ నెట్టు, వీటన్నిటికీ వెనకాల ఒక ఇనప బీరువా. బీరువాలో కొత్త బంతులు, తాళంచెవి సారు మొలతాడుకి. బంతి ఇమ్మని అడిగితే, "ఆడితే పాడైపోతుందిరా" అనేవారు. ఆ మాటలో అబద్ధం లేదు. స్టాకు రిజిస్టరులో పన్నెండు రాసి ఉంటే బీరువాలో పన్నెండు కనపడాలి. ఆడితే అరుగుతాయి, అరిగితే ఆడిట్ వాళ్ళు అడుగుతారు. అందుకని ఆ బంతులు ఎండ ఎరగకుండా, నేల తాకకుండా, బీరువాలోనే మెల్లగా గాలి వదిలేసి ముసలివై, చివరికి పనికిరాని సామాను జాబితాలోకి ఎక్కేవి.

బీరువా పైన కోడి రామమూర్తి నాయుడిగారి ఫొటో ఉండేది. సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది విజయనగరంలో డ్రిల్లు నేర్పినవాడు కాబట్టి ఆయన మా సారు శాఖకు మూలపురుషుడు. రోజూ అగరొత్తి. రామమూర్తిగారు రెండు కార్లను గొలుసులతో లాగిపట్టి కదలనివ్వకుండా ఆపేవారట. మా సారు ఆడిట్ వాళ్ళ జీపును ఒక్క పెసరట్టు ఉప్మాతో ఆపేవారు.

ఇక సంక్రాంతి. ఊరు ఊరంతా కోడిపందేల బరుల దగ్గరుంటే సారు మోటారు సైకిలు మీద చెడుగుడు పోటీలు జరిగే పల్లెలు తిరిగేవారు. కూత తెగకుండా అవతలి గీత దాకా వెళ్ళి, ఇద్దర్ని తట్టి, మూడోవాడి పట్టు విదిలించుకుని వచ్చే కుర్రాడు కనపడితే చాలు, ఆ రాత్రికి వాళ్ళింట్లోనే భోజనం. హాస్టలు ఉచితం, రోజూ రెండు గుడ్లు ఉచితం, చదువు కూడా ఉచితమే గానీ దాన్ని గురించి కంగారుపడక్కర్లేదు. ఆ పిల్లలందర్నీ హెచ్.ఇ.పి. గ్రూపులో చేర్చేవారు. హెచ్.ఇ.పి. అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ అని ప్రాస్పెక్టసులో ఉండేది. సారు లెక్కలో హైజంపు, ఎగ్గు, ప్రాక్టీసు.

అలా వచ్చినవాడే మా లెఫ్ట్ కార్నర్. వాడు చీలమండ పట్టాడంటే రైడరు అక్కడే పాతుకుపోవాల్సిందే. వాడి పుణ్యమా అని మా కాలేజీకి వరసగా రెండు షీల్డులు వచ్చాయి. మూడో ఏడు ఘోరం జరిగింది. ఫలితాలొచ్చిన రోజు మధ్యాహ్నం సారు ముఖం వేలాడేసుకుని స్టాఫ్ రూములోకొచ్చి హిస్టరీ మాస్టారి ఎదుట కూర్చున్నారు. నేను అప్పుడు హాజరు తక్కువైందని బతిమాలుకోవడానికి గుమ్మంలో నిలబడి ఉన్నాను కాబట్టి ఇది విన్నమాట కాదు, చూసిన ముచ్చటే.

"మాస్టారూ, మా కుర్రాడికి అన్యాయం చేశారు."

"అయ్యో, తప్పాడా?"

"తప్పితే మీ దగ్గరికెందుకొస్తానండీ? పాసైపోయాడు!"

"పేపర్లు దిద్దేది యూనివర్సిటీవాళ్ళు. నాదేముందండీ అందులో?"

"పాఠం చెప్పింది మీరే కదా!"

హిస్టరీ మాస్టారు ఇరవై ఏళ్ళ సర్వీసులో తన బోధనకు అందిన మొదటి ప్రశంస అదేనని తర్వాత చెప్పుకున్నారు. సారు బాధలో న్యాయం లేకపోలేదు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడాలంటే మాకాలంలో వయసు 25 దాటకూడదు, పేరు ఏదో ఒక తరగతి రిజిస్టరులో ఉండాలి. లెఫ్ట్ కార్నర్‌కి ఇరవైరెండు. ఇంకా మూడేళ్ళ పట్టు వాడి చేతుల్లో ఉంది. బుద్ధిమంతుడిలా ఏటా ఒక సబ్జెక్టు ఉంచుకుంటూ రావాలని వాడికి ముందే చెప్పి ఉంచారు. ఏ దిక్కుమాలిన ఘడియలో పుస్తకం తెరిచాడో! చివరికి బీయే పాసైన మనిషిని మళ్ళీ బీకాం మొదటి సంవత్సరంలో కూర్చోబెట్టారు. వాడి తమ్ముడు అప్పుడు బీకాం రెండో సంవత్సరం.

తప్పంతా సారు నెత్తిన వేస్తే నాకు హాయిగానే ఉంటుంది. కానీ ప్రిన్సిపాలుగారు ఒక్క ఆటా చూసి ఎరగరు, షీల్డు మాత్రం చూసేవారు. కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ బృందం వచ్చే ముందు అద్దాల బీరువా తుడిపించి, "ఇంకో రెండు వరసలు ఖాళీ ఉన్నాయి పీడీగారూ" అని గుర్తు చేసేవారు. కమిటీవారికి పత్రికలో ఫొటో కావాలి. మా నాన్నలకు ఆట అంటే చదువుకు పట్టిన చెద. ఇందరి మధ్య ఆట ఆటగా కావలసినవాడు ఎవడూ లేడు, చీకటిపడేదాకా గోడ దూకి టెన్నిస్ బాలుతో ఆడుకునే మా ఊరి పిల్లలు తప్ప. వాళ్ళు కనపడితే మాత్రం సారు గట్టిగా ఈల వేసేవారు, బయటికి పొమ్మని.

ఫైనలుకు ముందు సారు ప్రసంగం చెయ్యడం ఆనవాయితీ. ప్రసంగమంతా రహీం సాబే. హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఇంత కథలోనూ మా సారుకి నచ్చింది ఒకటే ఘట్టం. 1962 జకార్తా ఫైనల్లో మన జర్నైల్ సింగ్ తలకు కుట్లతో దిగి గోలు కొట్టాడు. "తలకు కుట్లురా! నీకు మడమ వాపు!" అని మా రైట్ కార్నర్‌ని జ్వరంతోనూ వాచిన మడమతోనూ దింపేశారు. గెలిచాం. రైట్ కార్నర్ ఆ తర్వాత మెట్లు దిగినప్పుడల్లా రహీం సాబ్‌ను తలుచుకునేవాడు, అయితే సారు అనుకున్న పద్ధతిలో కాదు.

పాపం రహీం సాబ్ గురించి నేను చాలాకాలం అపోహలో ఉన్నాను. తర్వాత చదివితే తెలిసింది, ఆయన హైదరాబాదు కుర్రాళ్ళకు చిత్రమైన పోటీలు పెట్టేవారట. ఒకదాంట్లో డ్రిబ్లింగు నిషేధం, బంతి రాగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. పిల్లలు పడుతూ లేస్తూ నవ్వుకుంటూ నేర్చుకునేవారన్నమాట. జకార్తాలో బెంచీ మీద కూర్చున్ననాటికే ఆయన్ని క్యాన్సరు తినేస్తోంది. మరుసటి ఏడాది పోయారు. ఇందులో ఏదీ మా ప్రసంగాల్లోకి రాలేదు. కుట్లు మాత్రం వచ్చాయి.

ఎగస్ట్రాగా నా పదవీకాలం ముగిసిన తీరు కూడా చెప్పాలి. యూనివర్సిటీ జట్టుకు మా సారే మేనేజరు. ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాకు ఫారం-3 కావాలి. ఫారం-1 దేశం తరఫున ఆడినవాడికి, ఫారం-2 రాష్ట్రం తరఫున జాతీయ పోటీలాడినవాడికి, ఫారం-4 బడిపిల్లల జాతీయ పోటీలకు, అంతర్ విశ్వవిద్యాలయాలది ఫారం-3. ఒకరోజు తెల్లకారులోంచి ఒక తండ్రి, ఆయన వెనక కళ్ళజోడుతో ఒక కొడుకు దిగారు.

"మావాడికి ఒక ఫారం-3 కావాలండీ."

"ఏ ఆట ఆడతాడు?"

"ఏది ఖాళీగా ఉంటే అది."

సారు కుర్రాణ్ణి ఎగాదిగా చూశారు. "కబడ్డీ కూత వచ్చా బాబూ?" రాదన్నాడు. "పోనీ, బెంచీ మీద కూర్చోవడం వచ్చా?" వచ్చన్నాడు. ఆ ఏడు జట్టుతోపాటు రైలెక్కిన పన్నెండోవాడు వాడే. నేను స్టేషనుకు వెళ్ళి టాటా చెప్పాను. పాపం మంచివాడే, తిరిగొచ్చాక అక్కడి మిఠాయి తెచ్చిపెట్టాడు. ఖాళీ వోచర్ల మీద అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నారనీ, రోజుబత్తెం ఎంతో ఎవరికీ తెలియలేదనీ, సారు బావమరిది అసిస్టెంట్ మేనేజరు హోదాలో కన్యాకుమారి దాకా వెళ్ళొచ్చాడనీ వాడే చెప్పాడు.

ఇన్ని చెప్పాక ఒక సాయంత్రం సంగతి చెప్పకపోతే సారుకి ద్రోహం చేసినట్టే. పరీక్షల సెలవులు, వాన వెలిసింది, కాలేజీలో పురుగు లేదు. గేమ్స్ రూము తలుపు తీసి ఉంది. బాల్ బ్యాడ్మింటన్ కోర్టులో నీళ్ళు తోడిపోసి, సారూ అటెండరూ చెరో వైపూ నిలబడ్డారు. పసుపుపచ్చ ఉన్ని బంతి. అంత భారీ మనిషి పాదం శబ్దం కాకుండా కదిలాడు. మణికట్టు ఇలా తిప్పితే బంతి నెట్టు అంచు రాసుకుని అవతల చచ్చిపడేది. 29 పాయింట్ల పాత లెక్కన గేము అయ్యేసరికి అటెండరుకి నాలుగొచ్చాయి. నన్ను చూసి పిలిచి, బ్యాటు చేతికిచ్చి, వేళ్ళు ఒక్కొక్కటే సర్ది, "గట్టిగా పట్టుకోకు, పిచ్చుకను పట్టుకున్నట్టు పట్టుకో" అన్నారు. ఆయనకు అలా చూపించినవాడు మద్రాసులో హ్యారీ క్రో బక్ 1920లో పెట్టిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలలో చదివొచ్చిన పాత డ్రిల్లు మాస్టారట. "మా మాస్టారు బంతికి తాళం వేసేవారు కాదురా" అన్నారు. కాసేపు ఏదో ఆలోచించారు. తర్వాత బంతి తుడిచి, బీరువాలో పెట్టి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూశారు.

లెఫ్ట్ కార్నర్ మోకాలు పోయింది. బీకాం పూర్తికాలేదు. ఊళ్ళో ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు, సంక్రాంతికి పిల్లలకు పట్లు నేర్పుతాడు. తెల్లకారు కుర్రాడు కోటాలో ఉద్యోగం సంపాదించి, ఇప్పుడు ఆఫీసు వార్షిక క్రీడోత్సవాల కమిటీలో ఉన్నాడు.

సారు రిటైరయ్యాక ఒక కార్పొరేటు జూనియర్ కాలేజీ వాళ్ళు రెట్టింపు జీతమిచ్చి తీసుకుపోయారు. మొన్న మా మేనకోణ్ణి చేర్పించడానికి వెళితే కనపడ్డారు. అయిదంతస్తుల అపార్టుమెంటు, అందులోనే తరగతులూ హాస్టలూ. గ్రౌండు ఫ్లోరు తప్ప గ్రౌండు లేదు. ట్రాక్ సూటు మాత్రం కొత్తది, దాని మీద ర్యాంకుల పట్టిక అచ్చు వేశారు. నన్ను గుర్తుపట్టి, "ఒరేయ్ ఎగస్ట్రా!" అని భుజం తట్టారు. ఆటలేం ఆడిస్తున్నారు సార్ అని అడిగాను. గోడ గడియారం చూసుకుని, ఆగమని చెయ్యి చూపించి, గుండెనిండా గాలి పీల్చి పొడుగ్గా ఈల వేశారు. ఆరువందలమంది పిల్లలు పుస్తకాలు పట్టుకుని స్టడీ అవరుకు నేల మీద వరసల్లో కూర్చున్నారు.