ధూమదీపిక: ఒక రీడ్‌మీ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలము: "రెపో క్లోన్ చేసి, డిపెండెన్సీలు మామూలుగా ఇన్‌స్టాల్ చేసుకొని, నడపండి."

అవతారిక: తన జావాస్క్రిప్ట్ ప్రాజెక్టును లోకమునకు సమర్పింపబూనిన రీడ్‌మీకారుడు, రంగురంగుల బ్యాడ్జీలొక వరుస పేర్చి, లైసెన్సును గూర్చి సుదీర్ఘముగా ముచ్చటించి, అలసి, ఈ వాక్యమును సెలవిచ్చుచున్నాడు.

టీక: క్లోన్ చేసి, నడపండి అనునవి సుబోధములు గనుక విడిచితిని. "మామూలుగా" అనుచోట ఆగవలయును. ఎవరి మామూలు? 2010 నాటి ఎన్‌పీఎం మామూలా, 2016లో ఫేస్‌బుక్ వారు వెలువరించిన యార్న్ మామూలా, పీఎన్‌పీఎందా, నిన్నగాక మొన్న వచ్చిన బన్‌దా? కర్త చెప్పలేదు. శబ్దప్రమాణము లోపించినచోట అనుమానమే శరణ్యము. ఈ ప్రాజెక్టు పీఎన్‌పీఎం వారిది, పీఎన్‌పీఎం-లాక్.యామల్ అను లాక్ ఫైలు కనబడుటచేత. కొండ మీద పొగ చూచి నిప్పును ఊహించుట ఇదే.

ఇచ్చట మన అన్నంభట్టును స్మరింపక ముందుకు సాగలేను. తెలుగువాడు. పిల్లలకు తర్కం సుఖంగా పట్టుబడాలని తర్కసంగ్రహం రాశాడు. అది మరీ సులువైపోయిందనుకున్నాడేమో, దానికి దీపిక అనే వ్యాఖ్య కూడా తానే రాసుకున్నాడు. రీడ్‌మీకారుల్లో ఇంతటి బాధ్యత గలవాడు నాకింకా తారసపడలేదు. వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి అక్కర లేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టాడు. నేను పట్టలేదు గనుక ఇనుపగుండు సంగతి కూడా చెబుతాను. ఎర్రగా కాల్చిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ ఉన్నచోట నిప్పుంటుంది గాని, నిప్పున్న ప్రతిచోటా పొగ ఉండి తీరాలని లేదు. పొగకు పచ్చికట్టె కావాలి. ఆ పచ్చికట్టెనే ఉపాధి అన్నారు. ఎంత సొగసైన ఊహ! ఎన్‌పీఎంఆర్‌సీ ఫైల్లో ప్యాకేజ్-లాక్ వద్దని రాసుకున్న ప్రాజెక్టు అచ్చంగా ఈ గుండే: ఎన్‌పీఎం మండుతూనే ఉంటుంది, లాక్ ఫైలు మాత్రం పుట్టదు.

ఏమి చెప్పుచుంటిని? హేత్వాభాసములు, అనగా హేతువులవలె కనబడి మోసపుచ్చునవి. ప్యాకేజ్.జేసన్ ఉన్నది గనుక ఎన్‌పీఎం అనుట సవ్యభిచారము. ఆ ఫైలు నలుగురికీ ఉమ్మడి. లాక్ ఫైలును గిట్‌ఇగ్నోర్‌లో పడవేసినచో హేతువే అసిద్ధము. యార్న్.లాక్, ప్యాకేజ్-లాక్.జేసన్ రెండునూ పక్కపక్కనే కూర్చున్నచో సత్ప్రతిపక్షము: బలము సమానము, నిర్ణయము శూన్యము. తర్కగ్రంథాల్లో ఇదొక ఉదాహరణ; గిట్‌హబ్‌లో నిత్యకృత్యం.

మోనోరెపోలో లాక్ ఫైలు అన్నిటికన్నా పై ఫోల్డరులో ఉంటుంది. కొత్తగా చేరిన అమ్మాయి లోపలి ఫోల్డరులో వెతికి, ఏమీ కనబడక, ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడుతుంది. అక్కడ ఒక ప్యాకేజ్-లాక్ పుడుతుంది. నిప్పు జాడ వెతకబోయినవాళ్ల చేతే పొగ పెట్టించడం! పైనున్న పీఎన్‌పీఎం లాక్‌ను ఎన్‌పీఎం చూడనే చూడదు. కారెట్ గుర్తున్న డిపెండెన్సీలకు ఆ పరిధిలో కొత్తవి తెచ్చిపెడుతుంది. సాయంత్రానికి బిల్డ్ పోతుంది. అడిగితే "చూస్తే తెలియట్లేదా?" అంటారు సీనియర్ గారు. చూస్తే తెలిసేదైతే ప్రత్యక్షమే కదండీ, ఈ అనుమానాలన్నీ ఎందుకు? ప్యాకేజ్.జేసన్‌లో ప్యాకేజ్‌మేనేజర్ అని ఒక గడి ఉంది. పేరు, వెర్షను: ఒక్క వరుస. దాన్ని చదివి సరైన వెర్షన్‌నే పిలిచే కోర్‌ప్యాక్ నోడ్ 16.9 నుంచి నోడ్‌తోపాటే వచ్చేది. నోడ్ 25 నుంచి విడిగా తెచ్చుకోవాలి. ఆ వరుస రాయడానికి అదీ అక్కర్లేదు, కొంచెం సిగ్గుంటే చాలు.

తాత్పర్యము: నాకు తెలియును, నీవు కనుగొనుము.

పాఠాంతరము: కొన్ని ప్రతులలో "ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొట్టండి" అని కలదు. పక్కనే పీఎన్‌పీఎం-లాక్ ఉన్న ప్రతిలో ఈ పాఠము టెంప్లేటు నుండి ఊడిపడిన ప్రక్షిప్తము, గ్రాహ్యము కాదు. అప్పటికిని సందేహము తీరనిచో శిష్టాచారమే ప్రమాణము: సీఐ ఫైలు తెరిచి, ప్రతి కమిట్‌కూ ఆ ప్రాజెక్టును కట్టు యంత్రము ఏ కమాండు నడుపుచున్నదో చూడవలెను. అది రీడ్‌మీ చదువదు.