నేను కబేళా ముద్రను

ఇత్తడి ముఖం, కర్ర పిడి. నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. మునిసిపాలిటీవాళ్లు పురమాయిస్తే ఓ కంసాలి ఊరి పేరును తిరగేసి చెక్కాడు, అంతే. కోసిన మేక తొడ మీద, జబ్బ మీద వంకాయరంగు సిరాలో ముంచి కొట్టేవారు. తిన్నా ఏమీ కాని సిరా అది.

మటన్ కొట్టు ముందు నిలబడి "తొడలో వెయ్యి, కార్జం కాస్త ఎక్కువెయ్యి" అంటారు గానీ, ఆ తొడ మీద ముద్రేదని అడిగినవాణ్ని నేను చూడలేదు.

నా మంచిరోజులన్నీ పాత డాక్టరుగారి జేబులోనే గడిచాయి. ఆయన జీవాన్ని రెండుసార్లు చూసేవాడు. కోయకముందు నడిపించి చూడ్డం: కుంటుతోందా, ముక్కు కారుతోందా, మేత ముట్టిందా అని. కోశాక ఊపిరితిత్తులు నొక్కి, కార్జం చీల్చి చూడ్డం. కార్జంలో జలగలో నీటితిత్తులో కనబడితే దాని మీద ఫినాయిలు పోయించి పూడ్పించేవాడు. కుక్కకు కూడా అందనిచ్చేవాడు కాదు. ఆ తిత్తులు తిన్న కుక్క కడుపులో బద్దెపురుగులు పెరుగుతాయి, వాటి గుడ్లు చివరికి మనిషికే చేరతాయి.

"సార్, తొందరగా కొట్టెయ్యండి సార్, బేరాలు పోతున్నాయి" అనేవాళ్లు.

"జీవాన్ని చూడకుండా దీన్ని బయటికి తియ్యనయ్యా."

మొండితనం కాదది. 2001 నాటి కబేళా నిబంధనల ప్రకారం ఒక డాక్టరు గంటకు 12 జీవాలకు మించి చూడకూడదు, రోజుకు 96 దాటకూడదు. అంటే ఒక్కోదానికి అయిదు నిమిషాలు. ఆదివారం వేకువన గేటు దగ్గర బారులు తీరిన గొర్రెలకు ఈ లెక్క ఎవరు చెబుతారు? చచ్చిన గొర్రెను కోసి పంచుకుని దొమ్మరోగం తెచ్చుకున్న పల్లెలు చిత్తూరు వైపు ఉన్నాయి. ఆ అయిదు నిమిషాల విలువ వాళ్లనడగండి.

ఆయన రిటైరయ్యాడు. ఆ పోస్టు ఇన్‌చార్జిల పాలైంది. సంతకం ఒకరిది, నన్ను పట్టిన చెయ్యి మరొకరిది, జీవాన్ని చూసిన కళ్లు ఎవరివీ కావు. తర్వాత షెడ్డు కురిసింది, కబేళా మూతపడింది. కోత కొట్ల వెనక మురుగుకాలవ పక్కకు చేరింది. ఒక ముద్ర తొడను వాకిట్లో కొక్కేనికి వేలాడదీసి, సాయంత్రందాకా దాన్ని ముట్టకుండా, పెరట్లో కోసినవి అమ్మిన ఘనులున్నారు.

2011 ఆగస్టు 5న ఆహార భద్రత, ప్రమాణాల చట్టం నిబంధనలు అమల్లోకి వచ్చాయి. లైసెన్సు కాగితం ఫ్రేము కట్టి గోడకు తగిలించారు. మంచిదే. కానీ ఆ కాగితం కొట్టు సంగతి చెబుతుంది. ఇవాళ కొక్కేనికున్న మేక సంగతి చెప్పాల్సింది నేను. నేనేమో విరిగిన తూకపురాళ్లతో, పాత రసీదు పుస్తకాలతో సొరుగులో పడున్నాను. ఒకప్పుడు గాంధీ జయంతికి ఒక్కరోజు సెలవిస్తేనే తోచేది కాదు నాకు.

మొన్నామధ్య పాచిమాంసం అమ్ముతున్నారని గోల లేచింది. -18 డిగ్రీలుండాల్సిన ఫ్రీజరును రాత్రిళ్లు కరెంటు బిల్లుకు జడిసి ఆపేశారట. హడావిడిగా నన్ను వెదికి తీశారు. కెమెరాల ముందు ఓ తొడ మీద గట్టిగా కొట్టారు. ఫొటో బాగానే వచ్చింది. సిరా మాత్రం ఆఫీసు స్టాంపు ప్యాడ్‌ది. డాక్టరుగారు అక్కడుంటే నన్ను పట్టుకున్న చెయ్యి మీద ఒక్కటిచ్చేవాడు.