కవర్ చేసేశాం!

మా బావగారు ఊళ్లు చూడరు, కవర్ చేస్తారు. మొన్న సంక్రాంతి సెలవుల్లో రెండంటే రెండు రోజుల్లో భీమిలి నుంచి సూర్యలంక దాకా కోస్తా మొత్తం కవర్ చేసేశాననీ, పిల్లలకి అడవినీ సముద్రాన్నీ దగ్గరుండి చూపించాననీ ఇప్పటికి మూడు పెళ్లిళ్లలోనూ ఒక దినంలోనూ చెప్పారు. ఆ కారు వెనక సీట్లో పులిహోర డబ్బాకీ నీళ్ల టిన్నుకీ మధ్య ఇరుక్కుని ప్రయాణించిన సాక్షిని నేను. అందుకే ఈ వాంగ్మూలం.

భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలున్నాయి. వేల ఏళ్లపాటు గాలీ నీరూ పేర్చిపెట్టిన ఎర్ర ఇసుక అది. జియలాజికల్ సర్వే వాళ్లు దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. బావగారు మాత్రం ఏదో సినిమా పాట తీసిన చోటుగా గుర్తించారు. ఫొటో కోసం అందరం దిబ్బ అంచున నిలబడి ఒకేసారి ఎగిరాం. మూడోసారికి అంచు జారి కింద పడింది. నాలుగోసారి పక్క దిబ్బ మీద ఎగిరాం.

ఉప్పాడలో సముద్రం ఏటా కొంత ఊరిని కోసుకుపోతోంది. అల లేచి రోడ్డు మీద పడుతుంటే బావగారు "వ్యూ అదిరింది కదా!" అన్నారు. ఇల్లు సముద్రంలో కలిసిపోయినవాళ్లకి ఆ వ్యూ రోజూ ఉచితమే.

దారిలో ఒక సరుగుడు తోట దగ్గర కారాపి, పిల్లలకి "ఇదేరా కోస్తా అడవంటే" అని పాఠం చెప్పారు. వరసకట్టి నాటి, నాలుగైదేళ్లకి నరికి గుంజలకీ కాగితానికీ అమ్మే పంట అది. ఈ లెక్కన మా పొలంలో చెరుకు దట్టమైన కీకారణ్యం!

అసలు అడవి కోరంగిలో ఉంది. మడ చెట్ల అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు. అక్కడ ఓడెక్కి వెళ్లిన మనవాళ్లని బర్మాలో కోరంగీలనే పిలిచేవారు. 1839 నవంబరు తుపాను ఆ రేవుని ఊడ్చేసింది. తుపాను పోటు ఊళ్లమీద పడేముందు దాని విసురుని కాస్తయినా తగ్గించేవి ఈ మడ చెట్లే. ఇంత ఉపకారం చేసే చెట్టుకి ఊపిరాడటమే కష్టం. ఉప్పునీటి బురదలో వేళ్లకి గాలి దొరకదు కాబట్టి, అది మేకుల్లాంటి వేళ్లని బురదలోంచి పైకి పంపి ముక్కులా వాడుకుంటుంది. ఈ వేళ్లనే శ్వాసమూలాలంటారు; మా మేనకోడలు పుస్తకంలో రెండు మార్కుల ప్రశ్న అది.

ఆ అడవిలో చెక్కబాట మీద మధ్యాహ్నం పన్నెండింటికి, స్పీకర్లో ఐటం పాట మోగిస్తూ ఊరేగాం. ఇక్కడ బావురుపిల్లులుంటాయట కదా అని మేనకోడలు అడిగింది. రాత్రిళ్లు నీళ్లలో చేపలు పట్టుకునే ప్రాణి అది. "అంతా ఉత్తిదే, ఒక్కటీ లేదు" అని బావగారు తీర్పిచ్చారు. రాత్రి కాపలావాణ్ణి పట్టపగలు బ్యాండుమేళంతో వెతికి, అసలు కాపలాయే లేదన్నట్టుంది. బురదలో కళ్లు మిటకరిస్తూ గెంతే చేపొకటి పిల్లలకి దొరికింది. దాన్ని చూస్తూ రెండు నిమిషాలు నిలబడేసరికి, "టైమైపోతోంది, ఇంకా ఏడు పాయింట్లున్నాయి" అని కసిరారు.

పులిహోర అక్కడే తిన్నాం. ఆ తర్వాత కవర్లు ఎటు పోయాయో నన్నడక్కండి. ఆ మేకుల ముక్కుల మీద ఒక్కో కవరూ టోపీలా తగులుకుని ఉండటం మాత్రం కళ్లారా చూశాను. కవర్ చేయడమంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది.

యానాంలో బావగారు తీరిగ్గా ముప్పావుగంట కేటాయించారు. దేనికో ఆంధ్ర పాఠకులకి వేరే చెప్పాలా! అంతర్వేదిలో గోదారి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా నడవాలని తెలిసి, ఫోన్ మ్యాపులో చూసి దణ్ణం పెట్టేసుకున్నాం. 216 జాతీయ రహదారి పొడుగునా నిద్రపోయాం.

సూర్యలంక చేరేసరికి రాత్రి పదకొండు. పిల్లలు లేవలేదు. బావగారు హెడ్‌లైట్లు సముద్రం మీదికి తిప్పి, తెల్లగా రెండు అలలు పడేలా ఫొటో తీశారు. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే కాలమది. వెలుతురు చూస్తే బెదిరి నీళ్లలోకి తిరిగిపోతాయి. ఆ రాత్రి ఏ తాబేలైనా మమ్మల్ని కవర్ చేసి వెళ్లిందేమో.

ఈ వేసవికి ఒడిశా వైపు భితర్‌కనిక పెట్టుకున్నారు. ఒకటిన్నర రోజు. నేను రానన్నాను. మీలో ఎవరైనా కోరంగి వెళ్తే మీ కవర్లు మీరే వెనక్కి తెచ్చుకోండి. వీలైతే బావగారివి కూడా రెండు తీసి, ఆ చెట్టుని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి.