బిస్కట్ పొట్లానికి టీకా తాత్పర్యం

అవతారిక: షుగరున్న మా నాన్నగారు "ఇందులో తీపెంతరా?" అని చేతికిచ్చిన పొట్లం వెనక, ఆవగింజల్లాంటి అక్షరాల్లో ఉన్న పాఠమిది. కవి ఏ కంపెనీ ఆస్థానంలోవాడో చెప్పను.

మూలం: మైదా, చక్కెర, లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్ట్రోజ్, ఉప్పు.

ప్రతిపదార్థం: మైదా, చక్కెర, ఉప్పు సుగమములు. లిక్విడ్ గ్లూకోజ్ = పిండిపదార్థాన్ని విరగ్గొట్టి తీసిన పాకం; గ్లూకోజుకి తోడు మాల్టోజూ వగైరా ఉంటాయి. గ్లూకోజ్ = తీపిని చెప్పే గ్రీకు మాట మీద 1838లో ఫ్రాన్సులో పెట్టిన పేరు. డెక్స్ట్రోజ్ = ఆ పదార్థానికే 1866లో జర్మన్ రసాయనవేత్త కెకులె పెట్టిన మారుపేరు.

విశేషం: లాటిన్‌లో డెక్స్టర్ అంటే కుడి. ఈ చక్కెర కలిపిన నీళ్లలోంచి ధ్రువిత కాంతిని పంపితే దాని తలం కుడికి తిరుగుతుంది. కనుక దక్షిణావర్తం. ఆహా, దక్షిణం! తూర్పు ముఖంగా నిలబడ్డవాడి కుడిచెయ్యి ఉన్న దిక్కు దక్షిణం. పురోహితుడి కుడిచేతిలో పడేది దక్షిణ. కుడిచే చెయ్యి కాబట్టే కుడిచెయ్యి అయిందని మా తెలుగు మాస్టారి వాదం. వ్యాకర్తలు ఒప్పుకోకపోయినా విస్తరి ముందు కూర్చున్నవాడు కాదనలేడు. దక్షిణావర్త శంఖం ఉన్న ఇంట లక్ష్మి నిలుస్తుందంటారు. దక్షిణావర్త శర్కర అమ్మేవాడింట నిలిచిన మాట మాత్రం నిజం.

ఎక్కడున్నాం? ఆ, గ్లూకోజ్‌కీ డెక్స్ట్రోజ్‌కీ భేదం. డీ-గ్లూకోజ్‌లో డీ చూసి కుడి అనుకోకండి. డీ-ఫ్రక్టోజ్ కాంతిని ఎడమకి తిప్పుతుంది. ఆ డీ అణువు అమరికది. గ్లూకోజ్ అన్న పేరు డీ, ఎల్ రూపాలు రెంటికీ చెల్లుతుంది, డెక్స్ట్రోజ్ డీ రూపానికే. మన ఒంట్లో తిరిగేదీ, పొట్లంలో ఉన్నదీ ఆ డీ ఒక్కటే. జ్వరంలో ఊరంతా "గ్లూకోజు ఎక్కించారు" అంటుంది, సీసా మీద డెక్స్ట్రోజ్ 5 శాతం అని ఉంటుంది. నరానికి ఈ పాండిత్యం పట్టదు.

ఆక్షేపం: ఒకే గోత్రపు తీపికి మూడు పేర్లు పునరుక్తి దోషం కాదా?

సమాధానం: కాదు, అలంకారం. దినుసుల్ని బరువు తగ్గే వరసలో రాయాలని నియమం. తీపంతా ఒక్క పేరు కింద పోగుచేస్తే అది మైదా నెత్తిన ఎక్కి కూర్చోవచ్చు. ముక్కలు చేస్తే ఎవరికి వారు వెనక బెంచీ. 1973లో భూపరిమితి చట్టం వచ్చినప్పుడు కామందు తన పొలం బావమరిది పేరా, పాలేరు పేరా రాయలేదూ! పక్కన పట్టికలో మొత్తం చక్కెర లెక్క ఉందిగా అంటారా? ఉంది, 100 గ్రాములకి. ఒక్క బిస్కట్‌కి ఎంతో డెబ్భై ఏళ్లవాడు కళ్లజోడు తుడుచుకుని భాగహారం చెయ్యాలి.

తాత్పర్యం: "నాన్నగారూ, మైదా, ఉప్పు తీసేస్తే మిగిలిందంతా తీపే."

ఆయన అప్పటికే రెండు తినేశారు.