కామెరాన్ ప్రతిన: టీకా తాత్పర్య సహితము

మూలము: 2005వ సంవత్సరమున డేవిడ్ కామెరాన్, బ్రిటన్ కన్సర్వేటివ్ పార్టీ నాయకత్వము చేజిక్కక మునుపే, యూరప్‌లో పాతమిత్రులను విడిచి కొత్తమిత్రులను కూర్చుకొందునని ప్రతినబూనెను.

ప్రతిపదార్థము: చేజిక్కక మునుపే = పోటీ ఇంకను సాగుచుండగనే; పాతమిత్రులను = యూరోపియన్ పార్లమెంటులో పొత్తుగానున్న యూరోపియన్ పీపుల్స్ పార్టీవారిని, అనగా జర్మనీ నేత అంగెలా మెర్కెల్ పక్షమువారిని; కొత్తమిత్రులను = ఎవరో ముందుముందు తేలవలసినవారిని.

తాత్పర్యము: పైకి విదేశీ వ్యవహారంలా ఉన్నా ఇది ఇంటిగుట్టు. పీపుల్స్ పార్టీ యూరప్ ఐక్యతను బిగించాలనే పక్షం. యూరప్ అంటే గిట్టని కన్సర్వేటివ్ ఎంపీలకు ఆ పొత్తు కంటగింపు. వాళ్ల అభిమానం చూరగొన్న పోటీదారు లియామ్ ఫాక్స్ కూడా పొత్తు తెంచుతానన్నాడు. మరో పోటీదారు డేవిడ్ డేవిస్ ఆ మాట ఇవ్వలేదు. అక్టోబరులో ఎంపీల తొలి విడత ఓటింగులో డేవిస్‌కు 62, కామెరాన్‌కు 56 వచ్చాయి. రెండో విడతలో కామెరాన్‌కు 90. ఇదంతా ప్రతిన పుణ్యమేననడం అతివ్యాప్తి దోషం. నాలుగో పోటీదారు కెన్ క్లార్క్ తొలి విడతలోనే ఓడి పోటీకి దూరం కావడమూ కలిసొచ్చింది. డిసెంబరు 6న పార్టీ సభ్యుల ఓట్లు 1,34,446 కామెరాన్‌కు, 64,398 డేవిస్‌కు.

శంక: కౌటిల్యుడు చెప్పిన రాజ్య సప్తాంగాలలో స్వామి, అనగా రాజు, మొదటివాడు, మిత్రుడు చివరివాడు. స్వామిత్వం కుదరకుండానే మిత్రుల ఊసెత్తడం శాస్త్రవిరుద్ధం కాదా?

సమాధానము: కాదు. ఇక్కడ మిత్రుడు లక్ష్యం కాదు, సాధనం. కన్సర్వేటివ్ ఎంపీకి ఓటుంది, మెర్కెల్‌కు లేదు.

విశేషము: ప్రతిన వెంటనే నెరవేరలేదు. 2006 జులైలో చెక్ నేత మిరెక్ తొపొలానెక్‌తో కలిసి కామెరాన్ కొత్త కూటమిని 2009 యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల తర్వాతికి వాయిదా వేశాడు. 2009 నాటి నిబంధన ప్రకారం ఆ పార్లమెంటులో కూటమికి 7 దేశాల నుంచి 25 మంది సభ్యులు కావాలి. తలలకు కొదవ లేదు, దేశాలకే కరువు. పోలండ్ లా అండ్ జస్టిస్ పార్టీ, చెక్ సివిక్ డెమొక్రాట్లు చేరాక, తక్కిన దేశాల నుంచి ఒక్కొక్కరిని వెతికి తెచ్చి లెక్క సరిపెట్టారు.

ఫలశ్రుతి: 2011 డిసెంబరులో యూరో సంక్షోభ శిఖరాగ్ర సమావేశానికి ముందు పీపుల్స్ పార్టీ నేతలు మార్సెయిలో కూడారు. మెర్కెల్, ఫ్రాన్స్ అధ్యక్షుడు సార్కోజీ ఉన్నారు. పొత్తు వదిలి, అప్పటికి ప్రధాని అయిన కామెరాన్‌కు అక్కడ చోటు లేదు. 2014 జూన్ 27న ఆ పార్టీ అభ్యర్థి యుంకర్‌ను యూరోపియన్ కమిషన్ అధ్యక్షపదవికి 26 దేశాలు బలపరిచాయి. కామెరాన్‌తో కలిసి కాదన్నది హంగరీ ప్రధాని ఓర్బాన్ ఒక్కడే. ఆయన పార్టీ అప్పటికి పీపుల్స్ పార్టీలోనే ఉంది.